కాదనడంలో పనితనం

తెర మీద గడి ఉంది, అందులో అంకె ఉంది. అది తప్పని చూస్తున్నవాళ్లకు తెలుసు. దిద్దబోతే దిద్దనివ్వదు. పక్క గడిలో మాత్రం ఏం రాసినా తీసుకుంటుంది. బయటి నుంచి సింక్ అయ్యే డేటాబేస్‌లతో పనిచేసేవాళ్లకు ఇది తరచూ ఎదురయ్యేదే. ఎయిర్‌టేబుల్‌లోకో నోషన్‌లోకో వేరేచోటి పట్టికను ఒకవైపు సింక్‌తో తెచ్చుకున్నా, పెద్దాఫీసు సర్వర్ నుంచి బ్రాంచి సర్వర్‌కు టేబుల్ తెచ్చుకున్నా సంగతి ఒకటే. అసలు చోటి నుంచి వచ్చిన కాలమ్‌లు చూసుకోవడానికి, మనం పక్కన జోడించుకున్నవి దిద్దుకోవడానికి.

ఇందులో ఉన్న న్యాయం అర్థం కానిదేమీ కాదు. మీ సేవలో తీసుకున్న అడంగల్ నకలు మీద పెన్నుతో విస్తీర్ణం దిద్దితే రెవెన్యూ రికార్డు మారదు కదా. నకలును దిద్దనిస్తే తర్వాతి సింక్ వచ్చి ఆ దిద్దుబాటును తుడిచేస్తుంది. తుడవకపోతే ఒకే పుస్తకానికి రెండు ధరలు, ఒకే మనిషికి రెండు చిరునామాలు మిగులుతాయి. కాబట్టి కాదనడం సబబే. అయితే ఎలా కాదంటుందన్నది వేరే సంగతి. చాలా సాఫ్ట్‌వేర్‌లు గడిని బూడిద రంగులోకి మార్చి, మహా అయితే ఒక తాళం బొమ్మ పెట్టి ఊరుకుంటాయి. ఎవరు వేశారు, ఎందుకు వేశారు, తీయించుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నవి ఆ బొమ్మలో ఉండవు. వాడేవాళ్లు ఎవరెవరినో అడుగుతూ తిరగాల్సిందే.

ఈ ఒక్క పనిని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చేసినంత శ్రద్ధగా చేసిన డేటాబేస్ నేను మరొకటి చూడలేదు. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టిన పరిశోధన ప్రాజెక్టు అది. 1996లో ఇప్పటి పేరు పెట్టుకుని, అప్పటినుంచి దేశదేశాల ప్రోగ్రామర్ల చేతుల్లో పెరుగుతోంది. దాని వేగం గురించీ నమ్మకం గురించీ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక గడిని దిద్దనివ్వనప్పుడు అది ఏం చెబుతుందో, అలా చెప్పడం కోసం లోపల ఎంత పని జరిగిందో రాసినవాళ్లు తక్కువ. కోడ్ అంతా బహిరంగమే కనుక ఆ పనిని దగ్గరగా చూడవచ్చు.

చూడడానికి ఒక ఉదాహరణ కావాలి. హైదరాబాదు కోఠిలో ఒక పుస్తకాల కొట్టు ఉందనుకుందాం. దాని పెద్దాఫీసు విజయవాడ ఏలూరు రోడ్డులో ఉంది. పుస్తకం పేరు, రచయిత, ధర విజయవాడ లెక్కలు, అక్కడి సర్వర్ నుంచి వస్తాయి. ఏ అరలో పెట్టారు, ఎన్ని కాపీలు మిగిలాయి అన్నవి కోఠి లెక్కలు. కౌంటర్‌లో ఉన్నావిడకు తెర మీద ధర 150 అని కనబడుతోంది, చేతిలోని అట్ట మీద 175 అని ఉంది. ఆవిడ గడిలో 175 కొట్టి ఎంటర్ నొక్కింది. ఇప్పుడు ఏ జవాబు వస్తుందన్నది ఆ రెండు ఊళ్లనూ ఎలా కలిపారన్న దాన్ని బట్టి ఉంటుంది.

బయటి సమాచారాన్ని సొంత టేబుల్‌లా చూపించే ఏర్పాటును పోస్ట్‌గ్రెస్ ఒక్కసారిగా కట్టలేదు. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో బయటి డేటా కోసం ఒక భాగం ఉంది, దాన్ని ఎస్‌క్యూఎల్/మెడ్ అంటారు. దానికి కావలసిన పునాది 2009లో వచ్చిన 8.4 వెర్షన్‌లో పడింది. 2011 నాటి 9.1లో ఫారిన్ టేబుల్స్ వచ్చాయి, అవి చదవడానికి మాత్రమే. రాయడానికి అనుమతి 2013లో 9.3తో వచ్చింది, విడుదల పత్రాల్లో ఆ పనికి కాయ్‌గాయ్ కోహెయ్ పేరుంది. అదే విడుదలలో షిగేరు హనాడా రాసిన పోస్ట్‌గ్రెస్-ఎఫ్‌డీడబ్ల్యూ చేరింది, ఒక పోస్ట్‌గ్రెస్ నుంచి మరో పోస్ట్‌గ్రెస్‌లోకి చూసే కిటికీ అది. ముందు చదవడం, రెండేళ్ల తర్వాత రాయడం. ఈ వరస వల్ల ఒక మంచి జరిగింది. రాయడం అనేది బయటి డేటాతో కలిపే ఇలాంటి ప్రతి కనెక్టర్‌కూ సహజంగా ఉండే గుణం కాదని, విడిగా సంపాదించుకోవలసిన శక్తి అని కోడ్‌లోనే స్థిరపడింది.

దాని ఫలితం ఇలా కనిపిస్తుంది. విజయవాడ వాళ్లు రోజూ రాత్రి ఒక సీఎస్‌వీ ఫైల్ పంపిస్తున్నారు, కోఠి సర్వర్ దాన్ని ఫైల్-ఎఫ్‌డీడబ్ల్యూ ద్వారా టేబుల్‌గా చూపిస్తోంది అనుకోండి. ఆవిడకు వచ్చే జవాబు: ‘ఈ ఫారిన్ టేబుల్‌ను అప్‌డేట్ చేయడం కుదరదు’. అలా కాకుండా రెండు సర్వర్లనూ పోస్ట్‌గ్రెస్-ఎఫ్‌డీడబ్ల్యూతో కలిపి, అప్‌డేటబుల్ అనే ఆప్షన్‌ను ఫాల్స్ అని పెట్టారనుకోండి. అప్పుడొచ్చే జవాబు: ‘ఈ ఫారిన్ టేబుల్ అప్‌డేట్‌లను అనుమతించదు’. ఆవిడకు రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. సర్వర్ చూసుకునే మనిషికి అవి రెండు వేర్వేరు రోగ నిర్ధారణలు. మొదటిది అశక్తత. ఫైల్‌లోకి తిరిగి రాసే విద్య ఆ కనెక్టర్‌కు లేదు, ఏ సెట్టింగ్ మార్చినా రాదు. ఫైల్ పంపే చోట దిద్దించాలి, లేదా కనెక్టరే మార్చాలి. రెండోది నిషేధం. విద్య ఉంది, ఎవరో కావాలని ఆపారు. ఆ ఆప్షన్ టేబుల్ మీద ఉందా, సర్వర్ మీద ఉందా అని చూడాలి. రెండు చోట్లా ఉంటే టేబుల్ మాటే చెల్లుతుంది.

కోడ్‌లో ఈ రెండు తనిఖీలూ పక్కపక్క వరుసల్లోనే ఉంటాయి. ముందు, అప్‌డేట్ చేసే ఫంక్షన్ అసలు ఉందా అని చూస్తుంది. లేకపోతే ‘ఈ సదుపాయం లేదు’ అనే అర్థమిచ్చే 0ఏ000 కోడ్‌తో ఆగుతుంది. ఉంటే, ఈ టేబుల్‌కు ఏయే మార్పులు చెల్లుతాయో కనెక్టర్‌నే అడుగుతుంది. కనెక్టర్ ఒక్క అంకెతో జవాబిస్తుంది: అప్‌డేట్‌కు 4, ఇన్‌సర్ట్‌కు 8, డిలీట్‌కు 16, వాటిలో కుదిరినవాటి మొత్తం. అన్నీ కుదిరితే 28. ఆ అంకెలో 4 లేకపోతే ‘వస్తువు ఇప్పుడు ఆ స్థితిలో లేదు’ అనే 55000తో ఆగుతుంది. రెండు తనిఖీలనూ కలిపి ఒకే సందేశం ఇచ్చినా ప్రోగ్రామ్ నడిచేది, దిద్దుబాటు ఎలాగూ జరగదు కదా. రాసినవాళ్లు విడదీశారు. బయట ఎక్కడో కూర్చుని కారణం వెతుక్కునే మనిషికి ఆ విడదీత గంటల పని తప్పిస్తుంది.

ఇది ఒకరిద్దరి మంచి అలవాటుగా మిగిలిపోలేదు, ప్రాజెక్టు లిఖిత నియమంగా పెట్టుకుంది. పోస్ట్‌గ్రెస్ పత్రాల్లో ఎర్రర్ సందేశాలు ఎలా రాయాలో చెప్పే ఒక విభాగమే ఉంది. అందులో కాలాల గురించి ఒక నియమం కనిపిస్తుంది. ప్రయత్నం ఈసారి విఫలమైనా మరోసారి ఫలించవచ్చు అనుకుంటే భూతకాలంలో రాయాలి. ఎన్నటికీ కుదరని పనైతే వర్తమానంలో రాయాలి. డిస్కు నిండి ఫైల్ తెరుచుకోకపోతే ‘తెరవలేకపోయాను’ అనే రీతిలో, ఫైల్ తెరిచే శక్తే ప్రోగ్రామ్‌లో లేకపోతే ‘తెరవడం కుదరదు’ అనే రీతిలో. పైన మనం చూసిన మొదటి జవాబు వర్తమానంలో ఉండడం యాదృచ్ఛికం కాదు. మళ్లీ మళ్లీ ఎంటర్ నొక్కవద్దని క్రియాపదమే చెబుతోంది.

ఆ అప్‌డేటబుల్ ఆప్షన్ విషయంలో పత్రాలు చూపే నిజాయితీ కూడా నాకు ఎంతో నచ్చింది. ఏ టేబుల్ దిద్దవచ్చో, ఏది కూడదో ఇన్ఫర్మేషన్ స్కీమా అనే చోట చూసుకోవచ్చు. కాని పోస్ట్‌గ్రెస్-ఎఫ్‌డీడబ్ల్యూ టేబుల్‌ల విషయంలో అక్కడ కనిపించేది ఈ ఆప్షన్‌లో ఏముందో అదేనని, దూరాన ఉన్న సర్వర్‌ను అడిగి చెప్పింది కాదని పత్రాలు ముందే స్పష్టంగా చెబుతాయి. ఆప్షన్ ప్రయోజనం కూడా పెద్దది చేసి చెప్పవు. అవతలి టేబుల్ నిజంగా దిద్దరానిదైతే ఎలాగూ ఎర్రర్ వస్తుంది, ఈ ఆప్షన్ ఉంటే అక్కడిదాకా వెళ్లకుండా ఇక్కడే వస్తుంది, అంతే. దిద్దవచ్చని రాసి ఉన్నా దిద్దుబాటు పడకపోతే ఎక్కడ చూడాలో ఈ రెండు వాక్యాలు చదివినవాళ్లకు తెలిసిపోతుంది.

చూడాల్సింది విజయవాడలో. ఆప్షన్ తెరిచే ఉంది, కాని కోఠి సర్వర్ ఏ ఖాతాతో అక్కడికి వెళుతోందో దానికి ధర మార్చే అధికారం లేదనుకుందాం. ఎర్రర్ పుట్టేది విజయవాడలో, కనబడాల్సింది కోఠిలో. ఇలాంటి చోట చాలా సాఫ్ట్‌వేర్‌లు ‘సింక్ విఫలమైంది’ అనే ఒక్క ముక్కతో చేతులు దులుపుకుంటాయి. పోస్ట్‌గ్రెస్-ఎఫ్‌డీడబ్ల్యూ అవతలి సర్వర్ ఇచ్చిన ముఖ్య సందేశాన్నీ వివరాన్నీ సూచననూ ఎర్రర్ కోడ్‌నూ ఉన్నవి ఉన్నట్టు ఇవతలికి చేరవేస్తుంది. చివర తన వంతుగా ఒక వరుస చేరుస్తుంది: అవతలికి నేను పంపిన ఎస్‌క్యూఎల్ ఆదేశం ఇదీ అని. ఆ వరుస కనబడితే చాలు, తప్పు ఏ ఊళ్లో జరిగిందో తేలిపోతుంది. ఇక విజయవాడ వాళ్లకు ఫోన్ చేసినప్పుడు ‘మా దగ్గర పనిచేయడం లేదండీ’ అనక్కర్లేదు. ఏ ఆదేశానికి మీ సర్వర్ ఏమందో చదివి వినిపించవచ్చు.

ఇప్పటిదాకా టేబుల్ మొత్తాన్ని కాదనడం గురించి. ఒక్క కాలమ్‌ను కాదనడం ఇంతకన్నా కష్టం, పోస్ట్‌గ్రెస్‌లో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించే పని అక్కడే ఉంది. దాని వెనక ఎక్కువగా వినిపించే పేరు డీన్ రషీద్‌ది. వ్యూల మీద, అంటే టేబుల్‌లా కనిపించే నిల్వ క్వెరీల మీద, ఇన్‌స్టెడ్-ఆఫ్ ట్రిగ్గర్లు (9.1), సులువైన వ్యూలు వాటంతట అవే అప్‌డేట్ కావడం (9.3), కొన్ని కాలమ్‌లు కుదరకపోయినా మిగతావి అప్‌డేట్ కావడం (9.4), ఈ మూడింటికీ విడుదల పత్రాలు ఆయన పేరే చెబుతాయి.

కోఠి వాళ్లు, ధర కూడా నకలు చేసి పెట్టుకున్న తమ సొంత టేబుల్ మీద ఒక వ్యూ కట్టారనుకోండి. అందులో అర నంబరు, మిగిలిన కాపీలు ఉన్నాయి. వాటితోపాటు కాపీలను ధరతో గుణించి ‘సరుకు విలువ’ అని ఒక లెక్క కాలమ్ పెట్టారు. 9.3లో ఆ ఒక్క లెక్క కాలమ్ వల్ల వ్యూ మొత్తం దిద్దరానిదైపోయేది. అర నంబరు మార్చబోయినా వ్యూను అప్‌డేట్ చేయడం కుదరదనే జవాబు వచ్చేది. 2014 డిసెంబరులో వచ్చిన 9.4 ఈ కట్టడిని వ్యూ మొత్తం నుంచి కాలమ్‌కు దించింది. అర నంబరు మార్చుకోండి, కాపీలు మార్చుకోండి, అభ్యంతరం లేదు. సరుకు విలువను తాకితేనే ఆగుతుంది. అదీ ‘ఫలానా వ్యూలో ఫలానా కాలమ్‌ను అప్‌డేట్ చేయడం కుదరదు’ అని పేరు పెట్టి చెబుతుంది. కింద వివరం: మూల టేబుల్‌లో కాలమ్‌గా లేని వ్యూ కాలమ్‌లు అప్‌డేట్‌కు వీలుకావు.

చూడడానికి చిన్న మార్పు. లోపల ఎంత జాగ్రత్త కావాలో రీరైట్ హ్యాండ్లర్ అనే ఫైల్‌లో ఒక చోట తెలుస్తుంది. వాడేవాళ్లు ఏయే కాలమ్‌లను మారుస్తున్నారో డేటాబేస్ ముందు జాబితా వేసుకోవాలి. ఆ జాబితాలో దిద్దరానిది ఉంటే ఆపాలి. జాబితా ఎక్కడ దొరుకుతుంది? క్వెరీలో రాసిన కాలమ్‌లను తీసుకుంటే సరిపోదు. వ్యూకు సొంత డిఫాల్ట్ విలువలు పెట్టి ఉంటే, వాడేవాళ్లు రాయని కాలమ్‌లు కూడా మధ్యలో వచ్చి చేరతాయి. పోనీ అలా చేరాక మిగిలిన జాబితా తీసుకుందామంటే, అప్పటికి కొన్ని రాలిపోయి ఉండవచ్చు. ‘డిఫాల్ట్ పెట్టు’ అని రాసిన కాలమ్‌కు డిఫాల్టే నల్ అయితే, ముందటి దశ ఆ పద్దును అనవసరమని తీసేస్తుంది. అందుకని ఈ కోడ్ రెండు జాబితాలనూ కలుపుకుని చూస్తుంది, ఏ ఒక్కదాన్ని చూసినా ఎందుకు తప్పో పైన వ్యాఖ్యలో రాసి పెడుతుంది. సరుకు విలువ గడికి ‘డిఫాల్ట్’ అని రాసే మనిషి ఎక్కడో నూటికి ఒకరు కూడా ఉండరేమో. ఆ ఒకరికి కూడా చడీచప్పుడు లేకుండా ‘సరే’ అన్న అబద్ధపు జవాబు వెళ్లకూడదని ఇంత ఆలోచన. దిద్దుబాటు పడకపోవడం కన్నా, పడినట్టు కనిపించి పడకపోవడం ఎంత నష్టమో లెక్కలతో బతికేవాళ్లందరికీ తెలుసు.

కాలమ్ దిద్దవచ్చా లేదా అని ముందుగానే అడిగి తెలుసుకునే ఫంక్షన్ ఒకటుంది. బ్రాంచి తెర తయారుచేసే ప్రోగ్రామర్ దాన్ని అడిగి, కుదరని గడులను ముందే మూసి చూపించవచ్చు. దాని మీద ఉన్న వ్యాఖ్య నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. కాలమ్ దిద్దవచ్చు అనాలంటే ఆ టేబుల్ నుంచి వరుసలు తీసేయడానికి కూడా వీలుండాలా అన్నది స్పష్టంగా లేదు, అందుకే ఈ నిర్ణయాన్ని సీ కోడ్‌లో ఉంచుతున్నాం, రేపు మార్చాలనిపిస్తే డేటాబేస్‌ను కొత్తగా సృష్టించనక్కర్లేకుండా మార్చవచ్చు అని దాని సారాంశం. సందేహం ఉన్నచోట సందేహాన్ని దాచకుండా, దాన్ని సులువుగా తీసి మార్చగల చోట పెట్టారు.

పై సందేశాల్లో ముఖ్య వాక్యం, వివరం, సూచన అని మూడు పొరలు ఉన్నాయని గమనించే ఉంటారు. మొదటిది పొట్టిగా, జరిగింది మాత్రమే చెప్పాలని నియమం. వివరం, సూచన పూర్తి వాక్యాలు కావాలి. సూచన ప్రతిసారీ వర్తించకపోయినా ఫరవాలేదు, ఏం చేసి చూడవచ్చో చెప్పాలి. ఈ మూడూ కలిసి పనిచేసేది ఇక్కడ: విజయవాడ నుంచి వచ్చే పుస్తకాల టేబుల్‌ను, కోఠి అరల టేబుల్‌ను కలిపి ఒకే వ్యూగా చూపించారు, కౌంటర్ దగ్గర కావలసింది అదే కదా. అందులో అర నంబరు మార్చబోతే వ్యూను అప్‌డేట్ చేయడం కుదరదంటుంది. వివరంలో, ఒకే టేబుల్ నుంచో వ్యూ నుంచో రాని వ్యూలు వాటంతట అవి అప్‌డేట్ కావని ఉంటుంది. సూచనలో, కావాలంటే ఒక ఇన్‌స్టెడ్-ఆఫ్ అప్‌డేట్ ట్రిగ్గర్ (అప్‌డేట్‌కు బదులు మనం రాసిన కోడ్‌ను నడిపే ఏర్పాటు) పెట్టుకోండని ఉంటుంది. అంటే తన ఊహతో ఏ టేబుల్‌లో ఏది రాయాలో తేల్చే పని డేటాబేస్ నెత్తిన వేసుకోదు. తేల్చగలవాళ్లు మీరు, తేల్చడానికి చోటు ఇదిగో అంటుంది. ట్రిగ్గర్‌లో పాత విలువతో కొత్త విలువను పోల్చి, అర మారితే కోఠి టేబుల్‌లో రాయించవచ్చు, ధర మారితే ఆపవచ్చు.

కొన్ని కాదనడాలు సులువు. మెటీరియలైజ్డ్ వ్యూలో ఏ గడీ దిద్దనివ్వదు, రిఫ్రెష్ చేయాలి, అంతే. 2019లో 12వ వెర్షన్‌తో వచ్చిన జనరేటెడ్ కాలమ్‌ను దిద్దబోతే, దాన్ని డిఫాల్ట్‌గా తప్ప మరోలా మార్చరాదని చెప్పి, అది జనరేటెడ్ కాలమ్ అని వివరం ఇస్తుంది. స్టాండ్‌బై సర్వర్ మీద రాయబోతే రీడ్-ఓన్లీ లావాదేవీలో అప్‌డేట్ నడవదని 25006 కోడ్‌తో చెబుతుంది. ఏ టేబుల్ మీదైనా అదే మాట వస్తుంటే, మీరు అసలు సర్వర్‌కు కాక దాని నకలుకు కనెక్ట్ అయ్యారేమో చూడండి.

పోస్ట్‌గ్రెస్ చేయి తేలిపోయిన చోటు కూడా ఉంది. కాలమ్ వారీ అధికారాలు 8.4 నుంచీ ఉన్నాయి. కౌంటర్ ఖాతాకు అర నంబరు కాలమ్ మీద మాత్రమే అప్‌డేట్ హక్కు ఇచ్చి, ధర మీద ఇవ్వకుండా ఉండవచ్చు. కాని ఆ ఖాతా ధరను మార్చబోతే వచ్చే సందేశం టేబుల్‌కు అనుమతి లేదని మాత్రమే అంటుంది. కాలమ్ పేరు ఉండదు. అర నంబరు నిమిషం కిందట మార్చిన మనిషికి టేబుల్‌కే అనుమతి లేదనడం అయోమయంగా ఉంటుంది. వ్యూల విషయంలో గడి పేరు దాకా వెళ్లిన చేయి ఇక్కడ ఆగిపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది. దీనితోపాటు మరో చిక్కు: టేబుల్ మొత్తానికి హక్కు ఇచ్చాక, ఒక కాలమ్ మీద మాత్రం వెనక్కి తీసుకుందామంటే కుదరదు. టేబుల్ స్థాయి హక్కు అలాగే ఉంటుంది, తాళం వేశామనుకున్న ధర తెరిచే ఉంటుంది. పత్రాల్లో ఈ హెచ్చరిక ఉంది. టేబుల్ హక్కు మొత్తం తీసేసి, కావలసిన కాలమ్‌లకు ఒక్కొక్కటిగా ఇవ్వడమే దారి. టేబుల్ యజమాని ఖాతాతో పరీక్షించి చూడడం కూడా దండగ, ఆ ఖాతాకు ఈ అడ్డులు వర్తించవు.

ఇక లాజికల్ రెప్లికేషన్ ఉంది, 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది. విజయవాడలో జరిగిన ప్రతి మార్పూ కోఠి టేబుల్‌లోకి ప్రవాహంలా వచ్చి పడుతుంది. ఇక్కడ పరిస్థితి తలకిందులు. కోఠి టేబుల్ మామూలు టేబుల్, దిద్దడానికి ఏ అడ్డూ లేదు. ఆవిడ 175 కొడితే 175 పడుతుంది. ఆ తర్వాత విజయవాడలో ఆ వరుసను ఏ కారణంతో మార్చినా, అక్కడి ధర వచ్చి ఇక్కడి ధరను కప్పేస్తుంది, ఏ ఎర్రరూ రాదు. ‘నిన్న దిద్దాను, ఇవాళ మళ్లీ పాతదే ఉంది’ అన్న ఫిర్యాదు వింటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. అవతల లేని కాలమ్‌లను ఇవతల జోడించుకోనిస్తుంది కనుక, కాలమ్‌లను పేరుతోనే జత కలుపుతుంది కనుక, అర నంబరుకు మాత్రం ఈ ప్రమాదం లేదు. సింక్ దాన్ని తాకదు.

మరి ధరకు రక్షణ? ఈ ఒక్కచోట కాదనే మాటను పోస్ట్‌గ్రెస్ మన చేతికే వదిలింది, దానికి కావలసిన సరంజామా మాత్రం సిద్ధంగా పెట్టింది. ట్రిగ్గర్‌ను ఫలానా కాలమ్ అప్‌డేట్ అయితేనే నడిచేలా పెట్టవచ్చు. ధర కాలమ్ మీద అలాంటిది పెట్టి, నడిస్తే ఎర్రర్ ఇవ్వమంటే సరి. అప్పుడు సింక్ కూడా ఆగిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆగదు. రెప్లికేషన్ ద్వారా వచ్చే మార్పులను రాసే ప్రక్రియ ఎప్పుడూ ‘రెప్లికా’ అనే పాత్రలో నడుస్తుంది, మామూలు ట్రిగ్గర్లు ఆ పాత్రలో ఉన్నవాళ్లకు అడ్డురావు. అంటే మనం ఏ ప్రత్యేక ఏర్పాటూ చేయకుండా పెట్టిన సాదా ట్రిగ్గర్ కోఠి చేతులను ఆపుతుంది, విజయవాడ నుంచి వచ్చే ధరలకు దారి ఇస్తుంది. యజమాని ఎవరన్న ప్రశ్నకు ఇంతకన్నా పొందికైన జవాబు నాకు కనబడలేదు.

ఆ ట్రిగ్గర్ ఇచ్చే ఎర్రర్‌లోనూ ముఖ్య వాక్యం, వివరం, సూచన విడివిడిగా రాసుకోవచ్చు, తెలుగులోనే రాసుకోవచ్చు. ‘ధర ఇక్కడ మార్చడం కుదరదు. ఇది విజయవాడ నుంచి వస్తుంది. మార్చాలంటే పెద్దాఫీసు ధరల విభాగానికి పుస్తకం నంబరు చెప్పండి’ అని మూడు పొరల్లో. టేబుల్‌కూ కాలమ్‌కూ కూడా తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు, కాకపోతే పేరుకు 63 బైట్ల హద్దు ఉంది. తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి కనుక 21 గుర్తులకు మించితే పేరును కత్తిరిస్తుంది, కత్తిరించానని చెబుతుంది కూడా.

ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఎవరైనా ఆ ట్రిగ్గర్‌ను గట్టి చేద్దామని ‘ఆల్వేస్’ అనే స్థితిలోకి మారిస్తే అది రెప్లికా పాత్రకూ వర్తిస్తుంది. విజయవాడ నుంచి మొదటి ధర మార్పు రాగానే సింక్ ప్రక్రియకే ఆ ఎర్రర్ తగులుతుంది. అది ఆగి, మళ్లీ మొదలై, అదే మార్పు దగ్గర మళ్లీ ఆగుతూ ఉంటుంది. ధరలు పాతబడుతున్నాయని కౌంటర్ నుంచి ఫిర్యాదు వస్తే కోఠి సర్వర్ లాగ్ తెరవండి. పెద్దాఫీసుకు చెప్పండి అంటూ కౌంటర్ కోసం మీరు తెలుగులో రాసుకున్న వాక్యమే అక్కడ వరుసగా పడి ఉంటే, ట్రిగ్గర్‌ను మామూలు స్థితికి తెచ్చేయండి. ఆగిన చోటు నుంచి సింక్ మళ్లీ అందుకుంటుంది.